బల్ల క్రింది విద్య

మానవుని దృష్టి సహజంగా వెలుగు మీదికి పోతుంది. ఆ వెలుగును మోసుకొని వచ్చిన తీగ మీదికి పోదు. మీనారు ఎత్తును చూచి మెచ్చుకొనేవారు వేలమంది. పునాది లోతెంత అని అడిగేవారు ఒకరో ఇద్దరో. ఇది లోకరీతి. లోకరీతి అయినంత మాత్రాన విద్యాలయానికి కూడ అదే రీతి తగునా అన్నది మా ప్రశ్న. ఈ ప్రశ్నను పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా, పసిపిల్లలు సైతం ఎరిగిన ఒక చిన్న వస్తువును ఆధారంగా చేసుకొని చర్చింపదలచాము. ఆ వస్తువు బొమ్మ రైలు. మరింత స్పష్టంగా చెప్పవలెనంటే, బొమ్మ రైలుకు విద్యుత్తును అందించే తీగల అమరిక.

పాఠశాలల్లోను, కళాశాలల్లోను జరిగే విజ్ఞాన ప్రదర్శనలలో బొమ్మ రైలు శాశ్వత అతిథి వంటిది. బల్ల మీద సున్నపు ముద్దతో మలచిన కొండలు, రంగు వేసిన రంపపు పొట్టుతో పచ్చిక, అట్టతో స్టేషను, దాని మీద మూడు భాషలలో పేరు పలక. రైలు గుండ్రంగా తిరుగుతుంది. చూచేవారు ముగ్ధులవుతారు. న్యాయనిర్ణేతలు తల ఊపి మార్కులు వేసి ప్రక్క బల్లకు నడుస్తారు. బల్ల అంచు నుండి నేల వరకు వ్రేలాడే తెరగుడ్డను ఎత్తి చూచేవారు మాత్రం అరుదు. ఎత్తి చూస్తే ఏమి కనబడుతుంది? పేడు పట్టని అతుకులు, టేపు చుట్టని కొసలు, ఏ తీగ ఎక్కడికి పోతున్నదో వేసినవానికే తెలియని చిక్కుముడి. కొన్నిచోట్ల ప్లగ్గు కూడ ఉండదు. రెండు తీగల కొసలను సాకెట్టు రంధ్రాలలో దూర్చి అగ్గిపుల్లలతో బిగించి ఉంటారు. పైన కాశ్మీరం, క్రింద కారడవి!

బొమ్మ రైలులో అసలు పాఠం పట్టాల మీద లేదు, బల్ల క్రింద ఉన్నది. అక్కడికి వంగి చూడని పరీక్షకుడు సగం పరీక్షనే చేసినవాడు. అక్కడ కూర్చుండి పని చేయని విద్యార్థి సగం పాఠమే నేర్చినవాడు. ఈ మాటను నిరూపించుటకే ఈ వ్యాసం.

తెలుగు చెప్పుకొనేవారికి తీగలతో పనియేమి అని కొందరు నవ్వవచ్చును. వ్యాకరణం చెప్పేవానికి సంబంధాల మీద ఆసక్తి ఉండడం వింత కాదు. ఏ పదం ఏ పదంతో అన్వయిస్తుందో చూపేది వ్యాకరణం. ఏ కొస ఏ కొసతో కలవవలెనో చూపేది విద్యుద్వలయం. అసమాపక క్రియలతోనే సాగే వాక్యం ఎంత పొడవుగా సాగినా పూర్తి అర్థాన్నివ్వదు. తిరిగి వచ్చే దారి లేని వలయంలో ఎంత వోల్టేజి ఉన్నా ప్రవాహం సాగదు. ఈ రెండింటికి ఇంతకంటే దగ్గరి చుట్టరికం మేము కోరము.

మొదట కొంత చరిత్రను స్మరించుట అవసరం. జర్మనీ దేశంలోని మెర్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో నిర్ణీతమైన కొలతలు గల పట్టాలతో బొమ్మ రైళ్ళను ప్రదర్శించింది. నాటి రైళ్ళు ఎక్కువగా గడియారపు స్ప్రింగుతో నడిచేవి. ఇళ్ళలోనికి విద్యుత్తు వచ్చిన పిమ్మట రైలుకు కూడ దానినే ఇవ్వవచ్చునన్న ఆలోచన పుట్టింది. ఇంగ్లండులో లివర్‌పూలు నగరానికి చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ సంస్థ 1925లో మెట్రోపాలిటన్ అనే విద్యుత్ రైలును విడుదల చేసింది. అందులో ఒక రకానికి ఇంటి విద్యుత్తునే, ఒక బల్బును నిరోధంగా అడ్డుపెట్టి, పట్టాలకు కలిపేవారు. రైలు నడుస్తున్నంతసేపు వోల్టేజిలో అధిక భాగాన్ని బల్బు గ్రహించేది గనుక మోటారుకు అపాయం లేదు. కాని పట్టాకు, గోడలోని సాకెట్టుకు నడుమ ఎడతెగని లోహమార్గమొకటి ఉన్నదన్న సత్యం మారదు. ఆ పట్టాను ముట్టుకొనేది ఎవరు? నేల మీద కూర్చున్న పసివాడు!

ఈ అపాయానికి పరిష్కారం ట్రాన్స్‌ఫార్మరు. మెర్క్లిన్ సంస్థ 1926లో 20 వోల్టుల పద్ధతికి మళ్ళింది. ట్రాన్స్‌ఫార్మరులో రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకదానికి, మరొకదానికి మధ్య లోహసంబంధం లేదు. అయస్కాంత క్షేత్రమొక్కటే వారధి. గోడలోని విద్యుత్తు మొదటి చుట్టలో తిరిగి అక్కడి నుండే వెనుకకు పోతుంది. పిల్లవాని వైపు ఉన్న రెండవ చుట్టలో తక్కువ వోల్టేజి గల వేరొక ప్రవాహం పుడుతుంది. వోల్టేజిని తగ్గించుట ట్రాన్స్‌ఫార్మరు చేసే మేలులో సగమే. రెండు లోకాలను వేరు చేయుట మిగిలిన సగం. మన పాఠ్యపుస్తకాలలో చుట్టల సంఖ్యకు, వోల్టేజికి గల నిష్పత్తిని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. ఈ వేర్పాటు వలననే బిడ్డ ప్రాణం నిలుస్తున్నదని ఎంతమంది గ్రహిస్తున్నారు?

ఇక బల్ల క్రిందికి దిగుదాము. రెండు పట్టాల నమూనాలో పట్టాలే రెండు తీగలు. ఒక పట్టా నుండి చక్రం ద్వారా మోటారులో ప్రవేశించిన ప్రవాహం ఎదుటి చక్రం ద్వారా రెండవ పట్టాకు చేరి మూలస్థానానికి తిరిగి పోతుంది. మన ఇండ్లలోని 230 వోల్టులను ట్రాన్స్‌ఫార్మరు 15 లేక 16 వోల్టులకు దించుతుంది. నాలుగు డయోడ్లతో కూడిన రెక్టిఫయరు ఆ ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మార్చుతుంది. నియంత్రకం దానిని సున్న నుండి 12 వోల్టుల వరకు కోరినంత మేరకు పట్టాలకు అందిస్తుంది. వోల్టేజి పెరిగితే రైలు వేగం పెరుగుతుంది. ధ్రువాలను తారుమారు చేస్తే రైలు వెనుకకు నడుస్తుంది. ఇంతవరకు ఏ కళాశాల విద్యార్థికైనా తెలిసిన విషయమే.

తెలియని విషయం ఇక్కడి నుండి మొదలవుతుంది. బల్ల చిన్నదైతే రెండు తీగలు చాలును. గది చుట్టూ పట్టాలు పరచినప్పుడు రైలు దూరపు మూలకు పోగానే నీరసిస్తుంది, దగ్గరకు రాగానే పరుగెత్తుతుంది. విద్యార్థి మోటారును నిందిస్తాడు. దోషం మోటారుది కాదు, దారిది. నమూనా పట్టాలను సాధారణంగా నికెల్ సిల్వర్ అనే మిశ్రమ లోహంతో చేస్తారు. పేరులో వెండి ఉన్నది గాని లోహంలో లేదు. ఉన్నవి రాగి, నికెలు, జింకు. దాని విశిష్ట నిరోధం రాగి కంటే పదిహేను రెట్లకు అటూ ఇటూగా ఉంటుంది. పైగా రెండు పట్టాల ముక్కలను కలిపే చిన్న లోహపు తొడుగు కొంతకాలానికి వదులవుతుంది, మసి పడుతుంది. ప్రతి అతుకు వద్ద కొంత నిరోధం చేరుతుంది. అందువలన అనుభవజ్ఞులు పట్టాలను నమ్ముకొనరు. బల్ల క్రింద ఈ చివరి నుండి ఆ చివరి వరకు రెండు లావుపాటి రాగి తీగలను పరచి, ప్రతి పట్టా ముక్కకు వాటి నుండి ఒక చిన్న శాఖా తీగను పైకి తీసి సోల్డరింగు చేస్తారు. చెరువు నుండి పెద్ద కాలువ, కాలువ నుండి మడిమడికి బోదె తీసినట్లే ఇది. మడి నుండి మడికి నీరు పారించుకొంటే చివరి మడి ఎండిపోతుందని మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

తీగ లావు ఎంత ఉండవలెనన్నది ఊహతో తేలే విషయం కాదు, లెక్కతో తేలుతుంది. నియంత్రకం నుండి దూరపు కొస ఆరు మీటర్లనుకొందాము. పోను ఆరు, రాను ఆరు, వెరసి 12 మీటర్ల తీగ. చౌకగా దొరుకుతుందని 0.22 చదరపు మిల్లీమీటర్ల సన్నని తీగ వేస్తే దాని మొత్తం నిరోధం సుమారు 0.94 ఓములు. రెండు ఆంపియర్ల ప్రవాహం సాగినప్పుడు దారిలోనే దాదాపు 1.9 వోల్టులు హరించుకుపోతాయి. 12 వోల్టులలో ఇది ఇంచుమించు ఆరవ వంతు. ఇంటి దీపాలకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నిరోధం 0.14 ఓములు, నష్టం 0.3 వోల్టుల లోపే. ఓము నియమాన్ని పది మార్కుల ప్రశ్నగా మాత్రమే ఎరిగిన విద్యార్థికి ఈ రెండు అంకెల నడుమ గల తేడా రైలు నడకలో కంటికి కనబడుతుంది. కంటికి కనబడిన సూత్రాన్ని మరచుట కష్టం.

ఇది బొమ్మలకే పరిమితమైన నీతి అని భావింపరాదు. మన దేశంలో మొట్టమొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లా వరకు 1,500 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడిచింది. హార్న్‌బీ బొమ్మకు, బొంబాయి బండికి పుట్టిన సంవత్సరం ఒక్కటే కావడం విశేషం. తక్కువ వోల్టేజితో ఎక్కువ శక్తిని పంపవలెనంటే ప్రవాహం పెరుగుతుంది. ప్రవాహం పెరిగితే దారిలో నష్టం పెరుగుతుంది. కనుక ఉపకేంద్రాలను దగ్గర దగ్గరగా కట్టవలసి వస్తుంది. తరువాతి కాలంలో మన రైల్వేలు 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తును స్వీకరించడంతో అదే శక్తికి ప్రవాహం దాదాపు పదిహేడవ వంతుకు తగ్గింది. ఉపకేంద్రాల మధ్య దూరం పెరిగింది. చక్రాల నుండి పట్టాలలోనికి దిగిన ప్రవాహం అక్కడ కూడ వెనుకకు పోయి మూలాన్ని చేరవలసినదే. అక్కడి ఇంజనీరును, ఇక్కడి విద్యార్థిని పాలించే శాసనం ఒక్కటే. పరిమాణం మారింది, న్యాయం మారలేదు.

వలయ విభజన మరొక పాఠం. బల్ల మీద రెండు రైళ్ళు నడపవలెనంటే పట్టాలను భాగాలుగా కోసి, కోతల వద్ద విద్యుత్తు పారని ప్లాస్టిక్ తొడుగులు పెట్టి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క స్విచ్చి అమర్చవలెను. రైలు పోయిన దారినే ఉచ్చు వలె చుట్టి తిరిగి వచ్చే మలుపు వేస్తే చిత్రమైన చిక్కు వస్తుంది: ఎడమ పట్టా పోయి పోయి కుడి పట్టాను కలుస్తుంది. చూపుకు అది అందమైన వంపు. విద్యుత్తుకు షార్టు సర్క్యూటు. ఆ వంపు రెండు చివరలను వేరుచేసి, రైలు అందులో ఉండగా ధ్రువాలను మార్చే స్విచ్చి పెట్టినగాని పని జరగదు. కాగితం మీద బొమ్మ గీచి, ఎర్ర సిరాతో ఒక పట్టాను, నల్ల సిరాతో మరొక పట్టాను దిద్దుకొంటూ పోయిన విద్యార్థికి ఈ చిక్కు ముందే దొరుకుతుంది. దిద్దకుండా తీగలు బిగించినవానికి ఫ్యూజు తెగిన తరువాత దొరుకుతుంది. ఆలోచన ముందా, పని ముందా అన్న పాత వివాదానికి ఇంతకంటే చక్కని తీర్పు మాకు కనిపించలేదు.

ఇప్పుడు ప్రమాదం మాట. 12 వోల్టులే గదా, ముట్టుకొన్నా ఏమీ కాదు గదా అని ధైర్యం చెప్పేవారున్నారు. దేహానికి ఏమీ కాకపోవచ్చును; బల్లకు కావచ్చును. 1990ల నడుమ అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ప్రమాణంగా స్వీకరించిన డి.సి.సి. అనే అంకాత్మక పద్ధతిలో పట్టాలపై సుమారు 15 వోల్టులు ఎల్లప్పుడు ఉంటాయి. శక్తితో పాటు ఆజ్ఞలు కూడ ఆ పట్టాల మీదనే ప్రయాణిస్తాయి. ప్రవాహం 5 ఆంపియర్లు మించితే రక్షక సాధనం వలయాన్ని తెంచుతుందనుకొందాము. పట్టాలు తప్పిన పెట్టె ఒకటి రెండు పట్టాలను కలిపివేసింది. దారి మంచిదైతే ప్రవాహం ఒక్కసారిగా పెరిగి రక్షకుడు మేల్కొంటాడు. దారిలో ఒక చెడు అతుకు ఉండి మొత్తం నిరోధం 4 ఓములైతే? ప్రవాహం 3.75 ఆంపియర్లే. రక్షకునికి అది మామూలు రైలు వలె తోస్తుంది, అతడు నిద్రలేవడు. కాని ఆ నిరోధంలో 56 వాట్ల వేడి పుడుతుంది. మన ప్రయోగశాలలో సీసం కరిగించే సోల్డరింగు కడ్డీ సాధారణంగా 25 వాట్లది. అటువంటివి రెండింటిని మించిన వేడి ఒక బలహీనమైన అతుకు వద్ద, ప్లాస్టిక్కుకు, రంపపు పొట్టుకు నడుమ పోగుపడితే జరుగబోయేది ఏమిటో వర్ణింపనక్కరలేదు.

దీనికి అనుభవజ్ఞులు కనుగొన్న పరీక్ష ఎంత సులభమో చూడుడు. బల్ల మీద ప్రతి భాగంలోను రెండు పట్టాల మీద అడ్డంగా ఒక లోహపు నాణెం ఉంచుతారు. ఉంచిన ప్రతిచోట రక్షక సాధనం తత్‌క్షణం తెంచవలెను. ఒక్కచోట తెంచకపోయినా అక్కడి తీగలు పనికిరానివని తీర్పు. రూపాయి బిళ్ళతో ముగిసే ఈ పరీక్షకు ఏ విదేశీ యంత్రమూ అక్కరలేదు. మన ప్రదర్శనలలో న్యాయనిర్ణేత జేబులోని నాణెం బల్ల మీదికి రావలెనని మా మొదటి కోరిక.

ఇంతకంటే ఘోరమైన అపాయం మరొకటి ఉన్నది. అది అందరికి తెలియవలసినది. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు వాడే నమూనాలలో, శక్తి చాలలేదని, ఏకాంతర విద్యుత్తునిచ్చే వాటి రెండవ చుట్టలను ఒకదానితో ఒకటి కలుపుతారు కొందరు. తరువాత ఒకదాని ప్లగ్గును గోడ నుండి ఊడదీస్తారు. ఊడదీసిన ప్లగ్గు నిర్జీవమని ఎవరైనా అనుకొంటారు. కాని రెండవ ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చే 16 వోల్టులు మొదటిదానిలో వెనుకదారిన ప్రవేశిస్తాయి. దించవలసిన యంత్రం ఎక్కించే యంత్రమవుతుంది. చేతిలో పట్టుకొన్న ప్లగ్గు పిన్నుల నడుమ మళ్ళీ 230 వోల్టులకు దరిదాపు వోల్టేజి నిలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు రెండు దిశలలోను పని చేస్తుందని పాఠ్యపుస్తకం చెబుతూనే ఉన్నది. ఆ వాక్యాన్ని చదివి పరీక్షలో వ్రాసి మంచి మార్కులు పొందిన విద్యార్థి ఆ ప్లగ్గును నిర్భయంగా పట్టుకొంటాడు. చదువుకు, బ్రతుకుకు నడుమ ఉన్న అఖాతం ఇదే. దీనిని పూడ్చుట విద్యాలయం బాధ్యత కాకపోతే మరెవరి బాధ్యత?

బల్ల క్రింద కూర్చుండినవారు ఏమవుతారు అని అడుగవచ్చును. చరిత్ర ఒక ఉదాహరణ ఇచ్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1946లో విద్యార్థులు ఒక నమూనా రైల్వే సంఘాన్ని స్థాపించుకొన్నారు. కాలక్రమాన ఆ సంఘంలో రెండు తెగలు ఏర్పడ్డాయి. ఒక తెగవారికి ఇంజనులకు రంగులు వేయుట, కొండలు కట్టుట, పాత రైళ్ళ ముచ్చట్లు చెప్పుకొనుట ప్రీతి. రెండవ తెగ సంకేతాల, విద్యుచ్ఛక్తి ఉపసంఘం. వీరి లోకం బల్ల క్రింద. టెలిఫోను వ్యవస్థలలో వాడే రిలేలను, డయళ్ళను తెచ్చి, ఏ పట్టా భాగానికి ఏ నియంత్రకం నుండి విద్యుత్తు అందవలెనో నిర్ణయించే యంత్రాంగాన్ని వారు అల్లారు. 1950ల చివర కంప్యూటర్లు ఆ విద్యాలయంలోనికి వచ్చినప్పుడు రాత్రింబవళ్ళు వాటిని వదలక నేర్చినవారిలో ఈ ఉపసంఘం సభ్యులు ముందు నిలిచారు. నేడు లోకమంతటా వాడుకలో ఉన్న హ్యాకర్ అన్న మాట, చాతుర్యం గల పనివాడన్న మొదటి అర్థంలో, వారి నడుమనే ప్రచారం పొందింది. 1959లో పీటర్ శాంసన్ కూర్చిన ఆ సంఘపు నిఘంటువులో దాని మూలధాతువు చోటు చేసుకొన్నది. నిఘంటువు కూర్చినవాడు తీగలు అల్లినవాడే కావడం మాబోటి భాషాధ్యాపకులకు సంతోషం కలిగించే విషయం.

ఆ సభ్యులలో ఒకడైన అలన్ కోటాక్ తరువాత పి.డి.పి.-10 అనే ప్రసిద్ధ కంప్యూటరు రూపశిల్పులలో ముఖ్యుడయ్యాడు. 1962 నాటి స్పేస్‌వార్ అనే తొలి కంప్యూటరు ఆటకు చేతి నియంత్రకాలను అతడు, బాబ్ సాండర్స్ కలిసి రైల్వే సంఘం గదిలోని విడిభాగాలతోనే చేశారని ప్రతీతి. బొమ్మ రైలు తీగలు కలిపిన ప్రతివాడు కంప్యూటరు నిర్మాత అవుతాడని మేము చెప్పడం లేదు. ఎవరూ చూడని చోట చక్కగా పని చేయు అలవాటు మనిషిని ఎక్కడికి తీసుకొనిపోగలదో చెప్పుటకే ఈ ప్రస్తావన.

మా అభిప్రాయానికి కొన్ని ఆక్షేపణలు రాగలవు. వాటిని దాటవేయుట న్యాయం కాదు.

ఇది ధనవంతుల వినోదం, మన విద్యార్థులకు ఎందుకు అన్నది మొదటి ఆక్షేపణ. హాంబర్గు నగరంలో 2001లో ప్రారంభమైన మినియేచర్ వండర్‌లాండ్ వంటి మహా నిర్మాణాలను, పుణేలో బి. ఎస్. జోషి పూనికతో 1998లో తెరచిన సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాలను చూచినవారికి ఈ శంక సహజం. కాని ఖరీదైనది బల్ల పైభాగం. బల్ల క్రింది భాగం చౌక. రాగి తీగ, స్విచ్చిలు, ఫ్యూజు, ఒక మల్టీమీటరు చాలును. ఇంజను ఒక్కటి ఉంటే తరగతి అంతా వంతులవారీగా నేర్వవచ్చును. అది కూడ లేకపోతే మోటారు మెకానిక్కు దుకాణంలో దొరికే 12 వోల్టుల, 21 వాట్ల కారు బల్బును రైలుకు బదులు పట్టాల కొసన పెట్టండి. సన్నని తీగతో అది మసకగా, లావు తీగతో తెల్లగా వెలుగుతుంది. ఆ బల్బునే సరఫరాకు, పట్టాలకు నడుమ శ్రేణిలో కలిపితే, షార్టు జరిగినప్పుడు తాను వెలిగి, ప్రవాహాన్ని రెండు ఆంపియర్ల లోపుననే నిలుపుతుంది. 1925లో ఇంటి విద్యుత్తుకు అడ్డుపెట్టిన బల్బు అపాయం. ట్రాన్స్‌ఫార్మరుకు ఇవతల పెట్టిన బల్బు కాపలాదారు. వస్తువు ఒక్కటే, స్థానాన్ని బట్టి గుణం.

బ్యాటరీతో నడిచే రైళ్ళు, దూరం నుండి ఆజ్ఞాపించే సాధనాలు వచ్చిన ఈ కాలంలో తీగల విద్య ఎందుకు అన్నది రెండవ ఆక్షేపణ. సౌకర్యం వేరు, విద్య వేరు. అంగడిలో రొట్టె దొరుకుతున్నదని పొయ్యి రాజేయుట మరచిన ఇంటికి పండుగనాడు చిక్కు తప్పదు. బ్యాటరీలో సైతం షార్టు ఉన్నది, వేడి ఉన్నది, నిరోధం ఉన్నది. అవి కనబడకుండా మూసిపెట్టినంత మాత్రాన లేకుండా పోవు.

ప్రమాదం ఉన్నదంటిరి గదా, విద్యార్థులను దూరంగా ఉంచుట మేలు కాదా అన్నది మూడవ ఆక్షేపణ. దూరంగా ఉంచినవారు దూరంగా ఉండరు. ప్రదర్శన ముందునాటి రాత్రి ఎవరూ లేనప్పుడు అగ్గిపుల్లలతో తీగలు బిగిస్తారు. హద్దు గీచి లోపలికి రానిచ్చుటే క్షేమం. 230 వోల్టుల వైపు మూతపెట్టిన పెట్టెలో, భూసంధానంతో, ఫ్యూజుతో, మూడు పిన్నుల ప్లగ్గుతో, తెలిసినవారి చేతనే తయారు కావలెను. ఆ పెట్టెకు ఇవతల ఉన్న తక్కువ వోల్టేజి లోకంలో విద్యార్థికి పూర్తి స్వేచ్ఛ ఇవ్వవలెను.

ఇక మా సూచనలు. ప్రదర్శనలలో విద్యుత్తుతో నడిచే ప్రతి నమూనాకు సగం మార్కులు బల్ల క్రింది పనికి కేటాయించవలెను. తెరగుడ్డ తీసి, నాణెం పెట్టి చూడవలెను. తీగల పటం చేతితో గీచి నమూనా ప్రక్కన ఉంచనిదే పోటీకి అర్హత లేదని నియమం ఉండవలెను. ప్రతి తీగకు చీటీ కట్టి, అది ఎక్కడి నుండి ఎక్కడికి పోతున్నదో వ్రాయవలెను. ఉర్దూ, తెలుగు రెండును వినిపించే మన కళాశాలలో ఆ చీటీ మీద రెండు లిపులు ఉండుట ఎంతో శోభ. కుడి నుండి ఎడమకు చదివే విద్యార్థి వేసిన తీగను ఎడమ నుండి కుడికి చదివే విద్యార్థి అయిదేండ్ల తరువాత బాగు చేయగలగవలెను. పేరు లేని తీగ, వ్రాసినవాడు తప్ప వేరొకరు చదువలేని లేఖ వంటిది.

చివరిగా మరొక మాట. న్యాయనిర్ణేతల వరుసలో పట్టభద్రులతో పాటు ఊరిలో పేరుపొందిన ఒక వైండింగు ఉస్తాదుకో, ఎలక్ట్రీషియనుకో ఒక కుర్చీ వేయవలెను. ట్రాన్స్‌ఫార్మరు సూత్రాన్ని మన విద్యార్థి పలక మీద వ్రాయగలడు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరును వాసనతో గుర్తుపట్టగలవాడు వీధి చివర చిన్న దుకాణంలో కూర్చున్నాడు. అతడు మన తలుపు తట్టడు, మనము అతని గడప తొక్కము. ఈ ఇద్దరినీ ఒక బల్ల క్రింద కూర్చుండబెట్టగలిగితే ఇద్దరికీ లాభం. చేతికి చదువు, చదువుకు చేయి తోడైన నాడే విద్య సంపూర్ణమవుతుందని మా విశ్వాసం.

విద్యార్థినీ విద్యార్థులారా! రాబోయే ప్రదర్శనలో మీ కొండలు కొంచెం పొట్టివైనా చింత లేదు. మీ స్టేషను గోడకు రంగు చాలకపోయినా నష్టం లేదు. తీగ లావును లెక్క కట్టండి, అతుకును సరిగా పట్టండి, చీటీ వ్రాయండి, నాణెం పెట్టి పరీక్షించండి. తెరగుడ్డను మీరే ఎత్తి చూపండి. అది ఎత్తి చూపగల ధైర్యం ఉన్నవారికి మార్కులు ఎవరు వేసినా వేయకున్నా పాఠం వచ్చినట్లే.